అమ్మ చెప్పే బొంబాయి ముచ్చట్లను మధ్యలో ఆపకండి

ప్రశ్న: మాది నారాయణపేట జిల్లాలో ఒక పల్లె. ఇప్పుడు మహబూబ్‌నగర్‌లో ఉంటున్నాం. నాకు 31 ఏళ్లు. ఒక ప్రైవేటు స్కూల్లో అకౌంట్స్ చూస్తాను. నాకు ఐదేళ్లున్నప్పుడు అమ్మానాయినలు కూలి పనికి బొంబాయి పోయారు. చదువు పాడవుతుందని నన్ను అవ్వ దగ్గర ఉంచి, చంకలో ఉన్న తమ్ముణ్ని మాత్రం వెంట తీసుకుపోయారు. దసరాకో పీర్ల పండుగకో వచ్చి నాలుగు రోజులుండి మళ్లీ బస్సెక్కేవారు. పదో తరగతి అయ్యేదాకా అవ్వే నాకు అమ్మ. నాయిన చనిపోయాక, రెండేళ్లుగా అమ్మ మా ఇంట్లోనే ఉంటోంది. 'తిన్నవా', 'గోలీలు ఏసుకున్నవా' తప్ప మా మధ్య మాటల్లేవు. ఒకరోజు ధైర్యం చేసి 'నన్నెందుకు ఇడిసిపోయినవే' అని అడిగితే 'మీ కోసమే కద బిడ్డా' అని లేచి వంటింట్లోకి వెళ్లిపోయింది. మనుషుల్ని దగ్గర చేసే 36 ప్రశ్నలంటూ ఫోన్‌లో ఒక వీడియో చూసి అవి కూడా అడిగాను. మూడో ప్రశ్నకే 'ఇదేం ఇంటర్వ్యూనా' అంది. కానీ బొంబాయి ముచ్చట్లు మాత్రం ఎప్పుడూ చెబుతూనే ఉంటుంది. మొన్న జొన్నరొట్టెలు చేస్తూ 'బొంబాయిల మూడు రాళ్ల పొయ్యి మీద ఇరవై మందికి చేస్తుంటి' అంది. ఆ ఊరి పేరు వింటేనే నాకు ఒళ్లు మండుతుంది. ఊఁ అని పక్కకు వచ్చేశాను. నా ఆరేళ్ల బిడ్డతో మాత్రం గంటలు గంటలు ముచ్చట పెడుతుంది. చూస్తే సంతోషమే, లోపల ఏదో మంట కూడా. అమ్మతో మనసు విప్పి మాట్లాడాలని నాకుంది. ఎట్లా? తమ్ముడితో కూడా ఈ సంగతి మాట్లాడాలా?

జవాబు: మీరు ఉత్తరంలో చిరాకుగా రాసిన ఒక మాట దగ్గరే నేను చాలాసేపు ఆగాను. 'బొంబాయి ముచ్చట్లు మాత్రం ఎప్పుడూ చెబుతూనే ఉంటుంది.' అడిగినదానికి అమ్మ జవాబు చెప్పలేదని మీ బాధ. నాకు మాత్రం ఆమె రెండేళ్లుగా ఆ జవాబే చెబుతున్నట్టు కనిపిస్తోంది. మిమ్మల్ని విడిచి ఎందుకు పోయిందన్నది మీ ప్రశ్న. పోయిన చోట ఏం జరిగిందన్నది ఆమె ముచ్చట. రెండూ ఒకే కథలోని రెండు కొసలు. మీరు ఒక కొస పట్టుకుని లాగుతున్నారు, ఆమె రెండో కొస మీ చేతికివ్వాలని చూస్తోంది. బొంబాయి పేరు వినగానే మీరు లేచి వెళ్లిపోతున్నారు కాబట్టి అది మీ చేతికి అందడం లేదు.

ముందు ఒక మాట. మీ కోపంలో తప్పేమీ లేదు. ఐదేళ్ల పిల్లకు కరువు తెలియదు, అప్పు తెలియదు. తమ్ముణ్ని ఎత్తుకుని అమ్మ బస్సెక్కింది, తనను ఎక్కించుకోలేదు, అంతే తెలుసు. ఇప్పుడు మీకు కారణాలన్నీ తెలుసు. ఒక పక్క కృష్ణ, ఇంకో పక్క తుంగభద్ర పారుతున్నా పాలమూరు మెట్ట చేలు వానకోసం ఆకాశం వైపు చూసిన సంగతి తెలుసు. గుంపు మేస్త్రీ దగ్గర తీసుకున్న అడ్వాన్సు తీరేదాకా తిరిగి రావడం తమ చేతుల్లో ఉండదనీ తెలుసు. బడి ఈడు పిల్లల్ని ముసలివాళ్ల దగ్గర వదిలి, పాలు తాగే పిల్లల్ని వెంట తీసుకుపోయిన తల్లులు మీ చుట్టుపక్కల ఊళ్లలో ఎంతమందో ఉన్నారు. అయినా తెలిసినంత మాత్రాన మనసు ఊరుకోదు. 'పెద్దదాన్నయ్యాను, అర్థం చేసుకోవాలి' అంటూ మిమ్మల్ని మీరు గదమాయించుకోకండి. ఆ పిల్ల బాధ ఆ పిల్లదే. దాన్ని అమ్మకు చెప్పే రోజు వస్తుంది. అది మొదటి మాటగా రాకూడదని మాత్రమే నేనంటాను.

'ఎందుకు ఇడిసిపోయినవే' అన్న ప్రశ్నకు అమ్మ ఎందుకు లేచి వెళ్లిపోయిందో చూడండి. మీ నోట అది ప్రశ్న, ఆమె చెవికి అది నేరారోపణ. నేరం మోపినప్పుడు మనిషి జ్ఞాపకాల్లోకి పోడు, సమర్థించుకోవడానికి ఏది అందితే అది పట్టుకుంటాడు. 'మీ కోసమే కద బిడ్డా' అన్నది అలా చేతికందిన మాటే. బహుశా ఆ మాట ఆమె ఎన్నోసార్లు చెప్పుకుని ఉంటుంది. అవ్వకు చెప్పి ఉంటుంది, చుట్టాలకు చెప్పి ఉంటుంది, నిద్రపట్టని రాత్రుల్లో తనకు తానే చెప్పుకుని ఉంటుంది. అబద్ధం కాదు. కానీ ఆ మాట దగ్గర సంభాషణ ముగిసిపోతుంది. దాని వెనక ఏముందో ఆమెకు మాత్రమే తెలుసు, 'ఎందుకు' అని అడిగితే అది బయటికి రాదు.

ఇక ఆ 36 ప్రశ్నలు. అవి ఉత్తుత్తి వీడియో సరుకేమీ కావు. ఆర్థర్ ఆరన్ అనే అమెరికన్ మనస్తత్వవేత్త, ఆయన తోటి పరిశోధకులు 1997లో అచ్చువేసిన ప్రయోగంలోవి. ఒకరికొకరు తెలియని విద్యార్థులను జంటలుగా కూర్చోబెట్టి, 45 నిమిషాల పాటు ఆ ప్రశ్నలు ఒకరినొకరు అడిగి చెప్పుకోమన్నారు. మొదటివి తేలికగా ఉంటాయి, పోనుపోను లోతుకు పోతాయి. ఆ జంటలు, ఊరికే కబుర్లు చెప్పుకున్న జంటల కంటే ఎక్కువ దగ్గరితనం కలిగిందని చెప్పాయి. ఇది నిజమే. అయితే వీడియోల్లో చెప్పని సంగతులు రెండున్నాయి. ప్రతి ప్రశ్నకూ ఇద్దరూ జవాబు చెప్పాలి, ఆ పద్ధతిలో అదొక ముఖ్యమైన భాగం. మీరు అడిగారు, అమ్మ చెప్పాలని కూర్చున్నారు. మీ గురించి మీరేం చెప్పారు? ఒకరే అడిగి ఇంకొకరే చెబితే ఆమె అన్నట్టు అది ఇంటర్వ్యూనే. ఇక రెండోది, ఇలా పుట్టే దగ్గరితనం ఒకరినొకరు అంటిపెట్టుకుని ఉండడాన్నీ, ఒకరి మీద ఒకరు ఆధారపడడాన్నీ తెచ్చిపెట్టకపోవచ్చని ఆ పరిశోధకులే రాసుకున్నారు. అది ముందు వెనక ఏమీ లేని కొత్తవాళ్ల కోసం తయారైన పద్ధతి. మీ అమ్మకూ మీకూ మధ్య 26 ఏళ్ల కథ ఉంది. ఆ కాగితం పక్కన పెట్టేయండి.

మీకు పనికొచ్చేది ఇంకో పరిశోధన. జాన్ గాట్‌మన్ అనే మనస్తత్వవేత్త కొత్తగా పెళ్లైన జంటలను గమనించి, ఆరేళ్ల తర్వాత వాళ్లు ఎలా ఉన్నారో చూశాడు. పెద్ద పెద్ద మాటల మీద కాదు, ఆయన దృష్టి చాలా చిన్నవాటి మీద పడింది. 'అదిగో చూడు, ఎంత పెద్ద పిట్టో' అని ఒకరంటే రెండోవారు తల తిప్పి చూశారా, లేదా? కలిసే ఉన్న జంటల్లో అలాంటి పిలుపులకు నూటికి 86 సార్లు స్పందన దొరికింది. విడిపోయినవాళ్లలో 33 సార్లే. భార్యాభర్తల మీద చేసిన ఆ లెక్క తల్లీబిడ్డలకు అలాగే వర్తిస్తుందని నేననను. కానీ మనిషి మనిషిని పిలిచే తీరు అన్ని బంధాల్లోనూ ఒకటే. ఎవరూ 'రా, మనసు విప్పి మాట్లాడుకుందాం' అని పిలవరు. 'నల్లా రాలేదు' అంటారు. 'ఇయ్యాల ఎండ బాగ కొట్టింది' అంటారు. మీ అమ్మ 'మూడు రాళ్ల పొయ్యి మీద ఇరవై మందికి చేస్తుంటి' అంది.

ఆ ఒక్క వాక్యంలో ఎంతుందో చూడండి. ఇరవై మంది ఎవరు? రోజంతా మట్టి పని చేసి వచ్చాక ఆమె ఒక్కతే ఇరవై మందికి రొట్టెలు కొట్టేదా? అప్పుడామె వయసెంత? లెక్కేసుకుంటే ఇప్పటి మీకంటే చిన్నదే అయి ఉంటుంది. మీరు పక్కకు రాకుండా అక్కడే నిలబడి, 'ఇరవై మందికా? పిండి ఎవరు పిసికేటోళ్లు?' అన్నారనుకుందాం. ఆమె 'ఎవరు పిసుకుతరు, నేనే. నాలుగు కొట్టంగనే లేస్తుంటి' అంటుంది. 'అంత పొద్దుగాలనా? తమ్ముడు లేస్తుండెనా?' అంటారు మీరు. అక్కణ్నించి ఆమె ఎటు పోతుందో మనకు తెలియదు. చీర ఉయ్యాల గురించి చెప్పవచ్చు, నీళ్ల ట్యాంకరు దగ్గర కొట్లాటల గురించి చెప్పవచ్చు, ఏమీ చెప్పకుండా రొట్టె తిప్పవచ్చు. ఏదైనా పర్వాలేదు. మీరు అక్కడ నిలబడ్డారన్న సంగతి మాత్రం ఆమెకు తెలుస్తుంది.

మీరు మంట పడుతున్నానని రాసిన చోటే మీకు దారి ఉంది. మీ బిడ్డతో అమ్మ ఎందుకంతసేపు మాట్లాడుతుంది? మనవరాలి దగ్గర ఆమె మీద ఏ కేసూ లేదు, అది ఒక కారణం. ఇంకోటి, ఆ పిల్ల అడిగే తీరు. ఒక్కసారి దూరంగా కూర్చుని వినండి. 'తర్వాతేమైంది అవ్వా? ఆ కుక్క కరిసిందా? నీకు భయం కాలేదా?' అంటూ చెప్పిన మాటలోంచే ఇంకో ప్రశ్న తీస్తుంది. పెద్దయ్యే కొద్దీ మనం ఇది మర్చిపోతాం. ఎదుటివారి మాట అయ్యేదాకా ఆగి, మన మనసులో ముందే ఉన్న ప్రశ్న అడుగుతాం. హార్వర్డ్‌లో కరెన్ హువాంగ్, ఆమె తోటివారు 2017లో వెలువరించిన పరిశోధన కూడా ఇదే చూపింది: ఎక్కువ ప్రశ్నలు అడిగేవారిని ఎదుటివారు ఎక్కువ ఇష్టపడ్డారు, అందులోనూ చెప్పినదాన్ని పట్టుకుని అడిగే ప్రశ్నలకే ఎక్కువ బలం. మీ ఇంట్లో ఈ విద్య తెలిసిన ఆరేళ్ల గురువుంది. వాళ్లిద్దరూ ముచ్చట పెడుతున్నప్పుడు మీరూ పోయి పక్కన కూర్చోండి. మొదట కొన్నాళ్లు ఏమీ మాట్లాడకపోయినా ఫరవాలేదు. మనవరాలికి చెప్పే సాకుతో అమ్మ మీకు చాలా చెబుతుంది. పెద్దవాళ్లు అలాగే చెబుతారు, కష్టమైన మాటను పిల్లల మీదుగా పంపుతారు.

ఆ మంట గురించి కూడా సిగ్గుపడకండి. మీకు దొరకని అమ్మ ముచ్చట్లు మీ కళ్ల ముందే ఇంకొకరికి దొరుకుతుంటే కడుపులో తిప్పినట్టవడం సహజం. అది బిడ్డ మీద అసూయ కాదు, అమ్మ మీద మీకింకా ఆశ ఉందనడానికి గుర్తు.

బొంబాయి గురించి అడిగేటప్పుడు వస్తువులను పట్టుకుని అడగండి. 'అక్కడ నీ జీవితం ఎట్లుండె' అంటే 'ఏముంటది, కష్టమే' అంటుంది, అయిపోతుంది. నీళ్లు ఎక్కణ్నించి తెచ్చుకునేవారు, వాన పడితే ఎక్కడ పడుకునేవారు, పక్క గుడిసెలో ఎవరుండేవారు, మొదటి వారం కూలి చేతికొచ్చినప్పుడు ఏం కొన్నారు, ఇలా అడగండి. జ్ఞాపకం ఇలాంటివాటికే అతుక్కుని ఉంటుంది. ఎదురెదురుగా కుర్చీలేసుకుని కూడా అడగొద్దు. చేతిలో పని ఉండాలి. చింతపండు గింజలు తీస్తున్నప్పుడు, చిక్కుడుకాయ ఒలుస్తున్నప్పుడు, చాటలో బియ్యం ఏరుతున్నప్పుడు పక్కపక్కనే కూర్చుని మాట్లాడితే కళ్లలోకి చూడాల్సిన అవసరం ఉండదు. చాలామందికి గొంతులో ఆగిపోయిన మాట అప్పుడే బయటికొస్తుంది. ఫోన్ ఇంకో గదిలో పెట్టి రండి. ఆమె చెబుతూ చెబుతూ ఆగిపోతే వెంటనే ఇంకో ప్రశ్న వేయకండి. ఆ ఖాళీ మీకు ఇబ్బందిగా ఉంటుంది, ఆమెకు అవసరంగా ఉంటుంది.

'అయ్యో, పోనీలే అమ్మా, అప్పటి సంగతులు ఇప్పుడెందుకు' అని మాత్రం ఎప్పుడూ అనకండి. ఓదార్పులా ఉండే ఆ మాట నిజానికి మూత పెట్టేస్తుంది. దానికి బదులు ఆమె చెప్పింది మీకెలా అర్థమైందో చెప్పండి చాలు. 'ఆ వానల తమ్ముణ్ని ఎత్తుకొని రాత్రంత నిలబడ్డవన్నమాట' అనండి. దగ్గరితనం మీద చాలా ఏళ్లు పనిచేసిన హ్యారీ రీస్ అనే మనస్తత్వవేత్త, ఫిలిప్ షేవర్‌తో కలిసి 1988లో చెప్పినదాని సారం ఇదే: మనసులో మాట చెప్పినంత మాత్రాన ఇద్దరు దగ్గర కారు. చెప్పినవారికి 'నన్ను అర్థం చేసుకున్నారు, నా మాటకు విలువిచ్చారు, నేనంటే పట్టింపు ఉంది' అనిపించాలి. అంటే మీ ఇంట్లో ఇప్పుడు మొదలవ్వాల్సింది మీరు వినడం దగ్గర.

వినడం మొదలైన కొన్ని వారాలకు, మీవి కూడా చెప్పడం మొదలుపెట్టండి. చిన్నచిన్నవి. స్కూల్లో ఫీజుల లెక్క తేలక టెన్షన్ పడ్డ సంగతి, హెడ్‌మాస్టర్ మెచ్చుకున్న సంగతి. మీ అమ్మకు మీ ఉద్యోగం గురించి ఏం తెలుసు? బహుశా పొద్దున పోయి సాయంత్రం వస్తారని తప్ప ఏమీ తెలియకపోవచ్చు. సంతోషం కలిగించే విషయాలు ముఖ్యంగా చెప్పండి, ఆమె చెప్పే సంతోషాలను కూడా గట్టిగా పట్టుకోండి. కష్టాల్లో తోడు నిలవడం గురించి అందరూ చెబుతారు కానీ, మంచి కబురు చెప్పినప్పుడు ఎదుటివారు ఎలా స్పందించారన్నది బంధానికి ఎంత ముఖ్యమో షెల్లీ గేబుల్ అనే మనస్తత్వవేత్త పరిశోధనలు చూపాయి. 'మన వాడకట్టు లచ్చవ్వ కొడుకు ట్రాక్టర్ కొన్నడంట' అని అమ్మ అంటే 'ఆహా' అని ఊరుకోకుండా, 'అవునా, లచ్చవ్వ ఎంత సంబురపడ్డదో కదా, నీకు ఎవరు చెప్పిండ్రు' అనండి.

ఇప్పుడు అసలు మాట. బొంబాయి ముచ్చట్లు వింటున్న ఏదో ఒక రోజు మీ నాలుక చివరికి 'మరి అప్పుడు నేను యాదికి రాలేదా' అన్న మాట వచ్చేస్తుంది. మొదటిసారి వచ్చినప్పుడు దాన్ని మింగండి. రెండోసారీ మింగండి. ఎందుకంటే మీరు వింటున్నది ఆ మాట అనడానికేనని ఆమెకు అనిపిస్తే ముచ్చట అక్కడే ఆగిపోతుంది. మీ మధ్య మాటలు కాస్త అలవాటుగా సాగుతున్నాయని అనిపించాక, గొంతులో కోపం లేని రోజు చూసుకుని చెప్పండి. అడగొద్దు, చెప్పండి. 'నాకు జరమొచ్చినప్పుడు అవ్వ తడిగుడ్డ ఏస్తుండె. నేను కండ్లు మూసుకొని అది నీ చెయ్యి అనుకుంటుంటి.' ఇందులో అబద్ధం లేదు, నింద లేదు, సమర్థించుకోవాల్సిన అవసరమూ లేదు. మీకు నిజంగా జరిగింది ఏదో అదే చెప్పండి, నా మాటలు అప్పు తీసుకోకండి.

ఆమె ఏడవవచ్చు. ఏడిస్తే పక్కన కూర్చోండి, 'ఏడవకమ్మా' అనకండి. 'నువ్వు నన్ను జూసి అవ్వ కొంగు ఎనక దాక్కుంటుంటివి, నాకెట్లుండె మరి' అని ఎదురు అడగవచ్చు కూడా. దానికి సిద్ధంగా ఉండండి. పండక్కి వచ్చిన తల్లిని చూసి బిడ్డ కొత్తమనిషిని చూసినట్టు బెదిరితే, ఆ తల్లి తిరుగుబస్సులో ఎలా కూర్చుని ఉంటుందో మీరు ఇప్పటిదాకా ఆలోచించి ఉండకపోవచ్చు. ఆలోచించే బాధ్యత ఆ ఐదేళ్ల పిల్లకు లేదు కూడా. లేదంటే ఆమె మళ్లీ 'మీ కోసమే' అని లేచి వెళ్లిపోవచ్చు. అప్పుడు వెంటపడకండి. మర్నాడు పొద్దున రొట్టెల దగ్గర మళ్లీ నిలబడండి. ఒక పెద్ద సంభాషణతో అంతా తేలిపోతుందని ఎదురుచూస్తే ఇద్దరూ అలసిపోతారు. ఇది నెలల పని.

క్షమించమని అమ్మ నోటితో అడగకపోవచ్చు. ఆ తరం తల్లులు చాలామంది అలా అడగరు, మీ పళ్లెంలో ఇంకో రొట్టె వేస్తారు. అది మీకు సరిపోతుందా లేదా అన్నది మీరే చూసుకోవాలి. సరిపోదనిపిస్తే అందులో మీ తప్పు లేదు. పాత సంగతులు కదిలినప్పుడు మీకు నిద్ర పట్టకపోవడం, పని మీద మనసు నిలవకపోవడం, లేదా అమ్మ తిండి మానేసి ముభావంగా అయిపోవడం కనిపిస్తే ఒంటరిగా మోయకండి. కేంద్ర ప్రభుత్వం నడిపే టెలీ మానస్ నంబరు 14416కు ఏ సమయంలోనైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు, తెలుగులో మాట్లాడతారు.

తమ్ముడి గురించి అడిగారు. మాట్లాడండి, కానీ అమ్మ మీద సాక్ష్యం చెప్పించడానికి కాదు. మీ లెక్కలో అమ్మ దొరికింది అతనికి. అతని లెక్క వేరేలా ఉండవచ్చు. మిమ్మల్ని ఉంచింది చదువు కోసం, అతన్ని తీసుకుపోయినచోట చదువు ఎంతవరకు సాగింది? పని జరిగే చోటల్లా గుడిసె మారుతుంటే బడి ఎలా కుదిరింది? మీకు పదో తరగతి దాకా ఒకే ఊరు, ఒకే అవ్వ ఉన్నారు. అతనికి ఏముందో ఎప్పుడైనా అడిగారా? వచ్చే ఆదివారం ఫోన్ చేసినప్పుడు 'అమ్మ గిట్ల చేసింది కదా' అని మొదలుపెట్టకండి. 'చిన్నప్పుడు బొంబాయిల నువ్వు రోజంతా ఏం చేస్తుంటివిరా' అని అడిగి, అతను చెప్పేదాకా ఆగండి.